రిపోర్టు ఎవరిది?

క్యాన్సర్ ఆసుపత్రి ఓపీలో రోజూ కనిపించే దృశ్యమే. "పేషెంటు తాలూకు ఎవరు?" అని నర్సు పిలవగానే భార్య లోపలికి వెళుతుంది. భర్త బయట బెంచీ మీదే ఉంటాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో దశ, ఎముకలకూ పాకింది అంటారు డాక్టరు. ఆమె నోట వచ్చే మొదటి మాట: "ఆయనకు మాత్రం చెప్పకండి డాక్టరు గారూ, తట్టుకోలేరు." బయటికొచ్చి "నిమ్ము చేరిందట, మందులు వాడితే పోతుందట" అంటుంది. ఆ పూట నుంచి ఒకే ఇంట్లో రెండు జబ్బులు. ఆయనది నిమ్ము, ఆమెది క్యాన్సర్.

ఆమెను తప్పుపట్టలేం. దాచేది ప్రేమతోనే. పైగా ఈ జబ్బు సన్నద్ధం కావడానికి వ్యవధి ఇవ్వదు. తగ్గని దగ్గును టీబీ అనుకుని నెలల తరబడి ఆ మందులే మింగి, చివరికి బయాప్సీ దాకా వచ్చేసరికి చాలామందిలో జబ్బు ముదిరిపోయి ఉంటుంది. దానికి తోడు పలకరించడానికి వచ్చిన బంధువు "తాగొద్దంటే విన్నాడా" అని ఒక మాట అనేసి వెళతాడు. బీడీ, సిగరెట్ ముట్టనివాళ్లకూ ఇది వస్తుందని ఆ బంధువుకు ఎవరు చెప్పాలి?

అయితే ఈ దాపరికం ఎన్నాళ్లు నిలుస్తుంది? కీమో వార్డులో పక్క మంచం మనిషి చెప్పేస్తాడు. లేదా మందు పేరు ఫోన్‌లో కొడితే తెలిసిపోతుంది. ఆ తర్వాత తెలిసినా తెలియనట్టు ఆయన, ఏడ్చి ముఖం కడుక్కుని వచ్చి ఏమీ లేనట్టు ఈమె. భార్యాభర్తలు మనసు విప్పి మాట్లాడుకోవాల్సిన నెలలన్నీ ఈ నటనకే పోతాయి. జబ్బు భార్యకైతే దాపరికం ఇంకా సులువు, ఎందుకంటే ఆమెను అడిగే అలవాటే చాలా ఇళ్లలో లేదు. సేవకు ఆమె తల్లో అక్కో దిగుతుంది, భర్త బిల్లులు కడతాడు.

మనసు సంగతి అలా ఉంచి, లెక్కలు చూద్దాం. బయాప్సీ ముక్కకు ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే వంటి జన్యుమార్పుల పరీక్షలు చేస్తారు. తగిన మార్పు దొరికితే రోజూ వేసుకునే మాత్రతో కొందరికి జబ్బు ఏళ్ల తరబడి అదుపులో ఉండవచ్చు. లేకపోతే కీమో, ఇమ్యునోథెరపీ. ఈ చికిత్సల్లో వాడే ఒసిమెర్టినిబ్, డుర్వాలుమాబ్ మందులపై కస్టమ్స్ సుంకాన్ని 2024 జులై బడ్జెట్‌లో ఎత్తేసినా మామూలు కుటుంబానికి వాటి ధర ఇప్పటికీ భారమే. ఎకరం అమ్మాలంటే ఆయన సంతకం కావాలి. నిమ్ముకు ఎకరం ఎందుకు అమ్మాలో ఎలా చెబుతారు?

చట్టం వైఖరి స్పష్టం. సమీరా కోహ్లీ అనే రోగి కేసులో 2008లో సుప్రీంకోర్టు, చికిత్సకు నిర్ణయం తీసుకోగల వయోజన రోగి ఇవ్వాల్సిన సమ్మతికి తల్లి ఇచ్చిన సమ్మతి ప్రత్యామ్నాయం కాదంది. వెంటిలేటర్ వంటివి తనకు వద్దనుకునేవారు ముందే రాసిపెట్టుకునే హక్కును 2018లో గుర్తించి, 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. ఇప్పుడు నోటరీ ముందు చేసినా చాలు. కానీ తనకేముందో తెలియని మనిషి ఏమని రాస్తాడు?

బాధను తగ్గించే పాలియేటివ్ వైద్యం విషయంలోనూ ఇదే చిక్కు. ఆ మాట వింటేనే మనవాళ్లు "చేతులెత్తేశారు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు" అనుకుంటారు. బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిపై చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. మొదటి నుంచీ చికిత్సతోపాటు పాలియేటివ్ సేవ అందినవారికి బాధ, దిగులు తగ్గాయి. వారిలో సగం మంది 11.6 నెలలకు మించి బతికితే, మిగతావారిలో సగం మంది 8.9 నెలలకు మించి బతికారు. ఆయుష్షు సంగతి తర్వాతి అధ్యయనాలన్నిటిలో అలాగే తేలలేదు. ఆ నెలలు ఎలా గడుస్తాయన్నదే అసలు విషయం. హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రిలో ఈ విభాగం ఏళ్లుగా పనిచేస్తోంది, తెలంగాణ జిల్లాల్లోనూ ప్రభుత్వ కేంద్రాలున్నాయి. ఆయాసానికి, నొప్పికి మందివ్వడంతో ఈ సేవ ఆగిపోదు. రాత్రి నిద్రపోయావా అని భార్యను అడగడమూ అందులో భాగమే. ఆసుపత్రుల్లో ఆమెను ఆ మాట అడిగేవారు ఇంకెవరూ ఉండరు.

చెప్పి తీరాల్సిందే అనడమూ మొండితనమే. "నాకొద్దు, మా ఆవిడతో మాట్లాడండి" అని రోగి అంటే అది ఆయన నిర్ణయం, గౌరవించాలి. కానీ ఆ మాట ఆయన నోటి నుంచి రావాలి. అందుకే క్యాన్సర్ వైద్యులకు ఒక విన్నపం. బయాప్సీకి ముందే, భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, "రిపోర్టు వచ్చాక ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారు, ఎవరి ముందు చెప్పమంటారు?" అని రోగిని అడగండి. ఆయన జవాబును కేస్‌షీటులో రాయండి.