గరిటె మారింది, క్రియ మారలేదు

మొన్న స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి ఒక వక్త చెక్‌లిస్టు పట్టుకుని వచ్చారు. (‘డు’ పెట్టాలనే ఉంది గానీ ‘రు’తోనే కానిస్తాను.) పాఠ్యపుస్తకాల్లో వివక్ష ఉందో లేదో దాంతో తేల్చేయవచ్చట. బొమ్మల్లో ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు? వంట ఎవరు చేస్తున్నారు? బండి ఎవరు నడుపుతున్నారు? 2024లో కేరళ మూడో తరగతి పుస్తకంలో నాన్న కొబ్బరి తురుముతున్న బొమ్మ వచ్చింది చూడండీ, దాన్ని తెర మీద వేసి, “బొమ్మ మారితే బుద్ధి మారుతుంది, ఇంకేం కావాలి?” అన్నారు. నేను లేచి నోరు తెరిచేలోపే, “మాస్టారూ, కోడిగుడ్డుకు ఈకలు పీక్కండి” అనేశారు. అందరూ నవ్వారు. టీ వచ్చింది.

సరే, పీకుతాను.

మా మూడో తరగతి గోడ మీద ‘మనకు సాయపడేవారు’ అనే చార్టు ఉంది. బజార్లో దొరికే సరుకే. డాక్టర్ గారు వైద్యం చేస్తారు. టీచర్ పాఠాలు చెబుతారు. కుమ్మరి కుండలు చేస్తాడు. చాకలి బట్టలు ఉతుకుతాడు. ఆయా గది ఊడుస్తుంది. అందులో డాక్టరు ఆడమనిషే, పోలీసూ ఆడమనిషే. చెక్‌లిస్టు ప్రకారం నూటికి నూరు మార్కులు. ఎవరికెంత మర్యాదో మాత్రం క్రియ చివర కంసాలి తూకం వేసినట్టు తూచి పెట్టారు. తెల్లకోటుకు ‘రు’, సారెకు ‘డు’, చీపురుకు ‘ది’.

ఈ చెక్‌లిస్టులు ఇంగ్లీషులో పుట్టినవి. అక్కడ డాక్టరు చేసినా కుమ్మరి చేసినా క్రియ ఒక్కటే, అందుకే ఆ జాబితాలో ఈ ప్రశ్నే లేదు. మనవాళ్లు దాన్ని తెలుగులోకి దించుకుని బొమ్మల తలలు లెక్కపెడుతున్నారు. మా ఊళ్లో పదేళ్ల పిల్లాడు డెబ్భయ్యేళ్ల చాకలి తాతను “ఏరా” అని పిలవడం నేను చెవులారా విన్నాను. ఆ పిలుపు వాడికి ఏ బొమ్మ నేర్పింది?

‘ఏకవచనం ప్రేమకు గుర్తు, నాన్న వచ్చాడు అనమా?’ అంటారు. అంటాం. ఆ ప్రేమ డాక్టరు మీద ఎందుకు పుట్టదో!

ఇక ‘ది’ కథ వేరే. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో స్త్రీలను, పశుపక్ష్యాదులను, జడపదార్థాలను పక్కకు తీసి, మిగిలినవాటికి మహత్తులని పేరు పెట్టారు. అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. ఆడవాళ్లు నలుగురు కలిసి వస్తే తప్ప మనుషుల లెక్కలోకి రారు. సూరిగారిని తిట్టి లాభం లేదు, ఈ విషయంలో జనం మాట్లాడేదే ఆయన రాశారు. ముప్పయ్యేళ్లు ఆ సూత్రం చెప్పాను. ఒక్క ఆడపిల్లా “ఎందుకు సార్?” అనలేదు. మేం అననిచ్చామా, అది వేరే సంగతి.

తిండి సంగతీ అంతే. ‘మంచి ఆహారం’ చార్టులో ఆపిల్ పండు ఉంటుంది, తలకాయ కూర ఉండదు. కథా రచయిత ఖదీర్‌బాబు తలకాయ కూర మీద పిల్లలకు కథే రాశారు. 2008లో హైదరాబాదులోని స్త్రీల అధ్యయన కేంద్రం ‘అన్వేషి’ వాళ్లు పిల్లల కోసం తెచ్చిన పుస్తకాల వరసలో అదీ ఉంది. నేను పనిచేసిన ఏ బడి బీరువాలోనూ అది కనబడలేదు.

మరేం చేయమంటావయ్యా అంటే, పుస్తకం అచ్చుకు పోయేముందు ప్రతి క్రియ చివరా ఎర్రసిరాతో సున్నా చుట్టండి. అందరికీ ‘రు’ పెట్టండి. మిగతాది తర్వాత చూద్దాం.

నేను పెట్టి చూశాను కూడా. స్కెచ్ పెన్నుతో దిద్ది ‘కుమ్మరి కుండలు చేస్తారు’ అని రాశాను. మర్నాడు ఓ పిల్లాడు చార్టు ముందు చాలాసేపు నిలబడి, “సార్, బొమ్మలో ఒక్కడే ఉన్నాడు గదా, మిగతావాళ్లేరి?” అన్నాడు.

“డాక్టరు కూడా ఒక్కరే కదరా” అన్నాను.

“ఆవిడ డాక్టరు గదా సార్” అన్నాడు.