స్పీకరుకు పరీక్ష పెట్టే పాట ఏది?

ఇంట్లోకి కొత్త స్పీకరు కొందామని నాన్నగారితో కలిసి దుకాణానికి వెళ్ళారనుకోండి. దుకాణదారు ఏం చేస్తాడు? హుషారైన సినిమా పాట ఒకటి పెట్టి, శబ్దం బాగా పెంచుతాడు. ఆ మోతకు బల్లమీది గాజు గ్లాసు కూడా అదురుతుంది. “అబ్బ, ఎంత బాగుందో!” అని డబ్బిచ్చి తెచ్చుకుంటారు. తీరా ఇంటికొచ్చి వార్తలు పెడితే, చదివేవారి గొంతు కుండలోంచి వచ్చినట్లుంటుంది!

పొరపాటు ఎక్కడ జరిగింది? పరీక్షకు ఎన్నుకున్న పాటలోనే జరిగిందని నా అభిప్రాయం.

స్పీకరు పని తనకందిన శబ్దాన్ని మార్చకుండా వినిపించటం. ఆ పని సరిగా చేసిందో లేదో చెప్పాలంటే, అసలు శబ్దం ఎలా ఉంటుందో మనకు తెలిసుండాలి. సినిమా పాటల్లోని మోతలు చాలావరకు స్టూడియోలో యంత్రాలతో తయారైనవి. వాటి అసలు రూపం మనం ఎన్నడూ వినలేదు. మరి దేనితో పోలుస్తాం?

మనిషి గొంతు అలా కాదు. పుట్టినప్పటినుంచీ వింటున్నాం కాబట్టి చిన్న తేడా వచ్చినా చెవి పట్టేస్తుంది. దీనికి మంచి ఉదాహరణ ఉంది. పాటలను తక్కువ చోటులో దాచే ‘ఎంపీత్రీ’ పద్ధతిని రూపొందించిన వారిలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్ అనే జర్మన్ ఇంజనీరు ముఖ్యుడు. అమెరికన్ గాయని సుజాన్ వేగా వాద్యాలేవీ లేకుండా పాడిన ‘టామ్స్ డైనర్’ పాటను ఆ పద్ధతిలో వింటే, గొంతు పాడైపోయి వినిపించింది. ఆ ఒంటరి గొంతు బాగా వినిపించేవరకు ఆయన పద్ధతిని సవరిస్తూ, ఆ పాటను మళ్ళీ మళ్ళీ విన్నాడు.

అయితే గొంతు ఒక్కటే చాలదు. మృదంగం కూడా వినండి. కుడివైపు మూతపై ఉండే నల్లని పూత వల్లనే దానికి తీగవాద్యాల వంటి స్వరం వస్తుందని సి.వి. రామన్ 1920లో వివరించారు. ఎడమవైపు నుంచి గుమ్మనే మంద్రధ్వని వస్తుంది. మంచి స్పీకరులో ఈ రెండూ విడివిడిగా, స్పష్టంగా వినిపించాలి. ఒకదానిలో ఒకటి కలిసి ముద్దయిపోతే ఆ స్పీకరు మనకొద్దు.

ఇంకొక జాగ్రత్త. శబ్దం తగ్గితే మన చెవికి మంద్రధ్వనులు మరీ తక్కువగా వినిపిస్తాయని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లో కొలిచి చూపారు. అందుకే రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుంది! రెండింటినీ సమానమైన శబ్దంలో పెట్టి వినండి.

“మేం వినేవి సినిమా పాటలే కదా!” అంటారేమో. హాయిగా వినండి. కాని గొంతునూ మృదంగాన్నీ ఉన్నవున్నట్లు పలికించే స్పీకరు సినిమా పాటనూ చక్కగా పలికిస్తుంది. మోత ఒక్కటే నేర్చిన స్పీకరుకు మిగతావి చేతకావు.

ఒక ప్రయోగం చేయండి. అమ్మ మాటలను ఫోనులో రికార్డు చేసి, రెండు స్పీకర్లలో వినిపించి, కళ్ళు మూసుకొని వినండి. రికార్డింగులో లోపమున్నా అది రెండింటికీ సమానమే కనుక, వినిపించే తేడా స్పీకర్లదే. మీ గొంతును మాత్రం వాడకండి. మాట్లాడేటప్పుడు మన గొంతు ఎముకల ద్వారా కూడా మన చెవికి చేరుతుంది. అందువల్ల దాని అసలు రూపం ఇంట్లో అందరికీ తెలుసు, ఒక్క మీకు తప్ప!

ఈసారి దుకాణానికి వెళ్ళేటప్పుడు పరీక్షకు పెట్టే పాటను మీరే వెంట తీసుకెళ్ళండి.