పేగులో పుట్టి ఊపిరి దాకా

టైఫాయిడ్ అనగానే మన ఇళ్లలో చూపంతా పొట్ట మీదే. జావ, బార్లీ నీళ్లు, కారం లేని కూర, పెరుగు పెట్టొచ్చా కూడదా అని ఓ చర్చ. మధ్యలో దగ్గు వస్తే ‘చలవ చేసిందిలే’ అని వదిలేస్తాం. తప్పేమీ లేదు. ఈ జ్వరంలో తొలి రోజుల్లో పొడిదగ్గు మామూలే, చాలామందికి మందు పడగానే జ్వరంతోపాటే పోతుంది. పోని కొద్దిమంది గురించే ఈ నాలుగు మాటలు.

నీళ్లతోనో తిండితోనో లోపలికెళ్లిన సాల్మొనెల్లా టైఫీ చిన్నపేగు గోడ దాటి కాలేయం, ప్లీహం, ఎముక మజ్జల్లో తిష్ఠ వేస్తుంది. అక్కడ సంఖ్య పెంచుకుని మళ్లీ రక్తంలోకి దిగుతుంది. పేరుకు పేగుల జబ్బే గాని అప్పటికది ఒళ్లంతటి జబ్బు. వైద్యం ఆలస్యమైతే కొందరికి నెమ్ము చేస్తుంది. ఇంకొందరికి, సాధారణంగా మూడో వారానికి, పేగుకు చిల్లు పడుతుంది. అరుదుగానే అయినా, రక్తమంతా విషమించినప్పుడు ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాలు జల్లెడలా కారిపోతాయి. గాలి ఉండాల్సిన చోట నీరు చేరుతుంది. దీన్నే ఏఆర్‌డీఎస్ అంటారు. 1967లో 12 మంది రోగులను చూసి దీన్ని తొలిసారి వర్ణించిన వైద్యులు గమనించింది కూడా ఇదే: జబ్బు ఎక్కడ మొదలైనా ఊపిరితిత్తులు దెబ్బతినే తీరు ఒక్కటే.

ఇక్కడే మన సెలైన్ మోజు గుర్తుకొస్తుంది. నీరసం అంటే చాలు, ఓ సీసా ఎక్కించమని మనమే అడుగుతాం. బీపీ పడిపోయినవాడికి అదే ప్రాణం, కాదనం. కానీ కారుతున్న ఊపిరితిత్తుల మీద అదనపు నీరు బరువే. ఏఆర్‌డీఎస్ రోగులకు ద్రవాలు ఆచితూచి ఇస్తే వెంటిలేటర్ మీద ఉండే రోజులు తగ్గుతాయని 2006లో వెలువడిన అమెరికా అధ్యయనం తేల్చింది. మంచం పక్కన కూర్చున్నవాళ్లు చేయగలిగిందీ ఒకటుంది. కదలకుండా పడుకున్న పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. అది 30కి చేరినా, డొక్కలెగరేస్తున్నా తెల్లారేదాకా ఆగకూడదు.

ఆలస్యం ప్రతిసారీ ఇంటివాళ్లదే కాదు, ఒక్కోసారి మందే పనిచేయదు. 2016 చివర్లో పాకిస్తాన్‌లోని సింధ్ హైదరాబాద్‌లో అలాంటి మొండి టైఫాయిడ్ బయల్దేరింది. నోటి మందుల్లో నమ్మదగ్గది అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. దాన్ని అడ్డుకోవడానికి అక్కడి పిల్లలకు వేసిన కాంజుగేట్ టీకా మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసింది. 2019లో పాకిస్తాన్ ఆ టీకాను తన పిల్లల టీకాల పట్టికలోనే చేర్చుకుంది, అలా చేసిన మొదటి దేశం అదే. తయారైన ఊళ్లో మాత్రం అది చాలా ఇళ్లకు పిల్లల డాక్టరు రాస్తే, చేతిలో డబ్బు ఆడితే వేయించుకునే టీకాగానే ఉంది.