కలిసి చదవడానికి అభ్యంతరం ఎవరికి?

హౌస్ సర్జన్లకు, నర్సింగ్ విద్యార్థినులకు, ఫార్మసీ వారికి కలిపి ఒక క్లాసు పెడతామంటే చాలు, మా దగ్గర ముఖాలు మారిపోతాయి. "పీజీ ఎంట్రన్సు చదువుకే టైము లేదు సిస్టర్" అంటారు హౌస్ సర్జన్లు. మా అమ్మాయిలు ఏమీ అనరు. వెనుక బెంచీల్లో సర్దుకుని కూర్చుని, నోట్సు రాసుకుని వెళ్లిపోతారు. మమ్మల్ని ఎక్కువ బాధపెట్టేది ఈ మౌనమే.

ఇలాంటి ఉమ్మడి చదువుకు విద్యార్థుల మనసు ఎంత సిద్ధంగా ఉందో తెలుసుకోవడానికి 1999లో ఇంగ్లండులో పార్సెల్, బ్లై అనేవారు 19 అంశాల ప్రశ్నపత్రం ఒకటి తయారుచేశారు. నర్సుల పని ముఖ్యంగా డాక్టర్లకు తోడ్పడటమేనా అన్నది అందులో ఒక అంశం. మన వార్డుల్లో ఇదే అడిగితే హౌస్ సర్జన్ల కంటే ముందు మా అమ్మాయిలే "అవును" అని టిక్కు పెడతారేమో! వారిని అలా తయారుచేసింది మేమే. డాక్టరు గారు రౌండ్సుకు వచ్చినప్పుడు కేస్ షీట్లు పట్టుకుని వెనుక నిలబడమన్నాం గాని, రాత్రంతా చూసిన రోగి గురించి ముందుకొచ్చి చెప్పమనలేదు.

ఒకరి గురించి ఒకరు, ఒకరి నుండి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది. ఒకే హాలులో కూర్చోబెట్టి లెక్చరు ఇస్తే ఈ మూడింటిలో ఏదీ జరగదు.

కిందటి బ్యాచికి లెక్చరు మానేసి, ముగ్గురేసి విద్యార్థులకు ఒక మందుల చార్టు ఇచ్చాం. ఇన్సులిన్ 4 యూనిట్లని, అంకె పక్కన 'యూ' అనే ఇంగ్లీషు అక్షరం పెట్టి త్వరగా రాయమన్నాం. ఒక చార్టులో ఆ అక్షరం సున్నాలా పడింది. నర్సింగ్ విద్యార్థిని దాన్ని 40 అని చదివింది. ఫార్మసీ అబ్బాయీ 40 అనే చదివాడు. నిజం చార్టయితే ఆ రోగి షుగర్ పడిపోయి ప్రాణం మీదికి వచ్చేది.

"నేను రాసింది తర్వాత ఎవరు చదువుతారో ఎప్పుడూ ఆలోచించలేదు సిస్టర్" అన్నాడు ఆ హౌస్ సర్జన్.

అప్పుడు మా అమ్మాయి నోరు విప్పింది. "అనుమానం వచ్చినా రాత్రిపూట ఫోన్ చేయాలంటే భయం సార్, కోప్పడతారని."

సంవత్సరాలుగా వార్డులో ఎవరూ అనని మాట అది. ఆ రోజు నుండి ఆ ముగ్గురూ 'యూనిట్లు' అని పూర్తిగా రాస్తున్నారు, రాయిస్తున్నారు.

ఇలా చేస్తే ఎవరి హద్దులు వారికి ఉండవని కొందరు సీనియర్లు అంటున్నారు. రోగనిర్ణయం నర్సు చేయాలని మేము కోరడం లేదు. చార్టు చదివే హక్కు, అడిగే ధైర్యం కోరుతున్నాం. అవి హౌస్ సర్జన్సీలో కాదు, మొదటి సంవత్సరంలోనే, ఎవరికి ఎవరు పెద్దో మనసులో స్థిరపడకముందే నేర్పాలి. బోధించడానికి ఒక డాక్టరు, ఒక నర్సింగ్ ట్యూటరు ఇద్దరూ నిలబడాలి. ఈ చార్టు క్లాసు వచ్చే బ్యాచికి మొదటి నెలలోనే పెట్టాలని అడిగాం. టైంటేబుల్ ఏ డిపార్టుమెంటు వేయాలన్న దగ్గరే ఇంకా ఆగి ఉన్నాం.