'ది' ఎక్కడ వస్తుంది?

ఇంగ్లీషు వ్రాసే తెలుగువారిని ఎక్కువగా తికమక పెట్టేవి 'ఎ', 'యాన్', 'ది' అనే చిన్న ఉపపదాలు. "గుమ్మంలో కుక్క ఉంది" అని మనమంటే, అది ఏదో కుక్కా, మన కుక్కా అన్నది సందర్భాన్నిబట్టి తెలుస్తుంది. ఇంగ్లీషులో ఆ సంగతి వాక్యమే చెప్పి తీరాలి. బస్తర్‌ను గురించిన మూడు ప్రసిద్ధ గ్రంథాల పేర్లు చూస్తే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది.

ఆ సంస్థానానికి దివానుగా పనిచేసిన గ్రిగ్సన్ 1938లో 'ది మారియా గోండ్స్ ఆఫ్ బస్తర్' ప్రచురించాడు. గోండులు మన ఆదిలాబాదులోనూ ఉన్నారు. ఏ గోండులో 'ఆఫ్ బస్తర్' తేల్చి చెబుతున్నది గనుక ముందు 'ది' వచ్చింది. 'బస్తర్'కు మాత్రం 'ది' లేదు. ఊళ్ల పేర్లకు, ప్రాంతాల పేర్లకు సాధారణంగా ఉండదు. కాని 'ప్లాటో' అనే మాట చేర్చితే 'ది బస్తర్ ప్లాటో' అనాలి. నదులకూ అంతే: 'ది ఇంద్రావతి', 'ది గోదావరి'. నదులకు ఎందుకంటే, వాడుక అని సరిపెట్టుకోవలసిందే.

వెరియర్ ఎల్విన్ 1947లో వెలువరించిన గ్రంథం 'ది మురియా అండ్ దెయిర్ ఘోటుల్'. ఘోటుల్ అంటే పెళ్లికాని యువతీయువకులు కూడి ఉండే మందిరం. నామవాచకం ముందు ఇలాంటి నిర్దేశకాలకు ఒకటే పీట. 'దెయిర్' కూర్చుంటే 'ది' లేవవలసిందే. తెలుగులో "ఆ నీ స్నేహితుడు" అని హాయిగా అంటాము. అదే అలవాటుతో 'దట్ యువర్ ఫ్రెండ్' అని వ్రాస్తాము. ఇంగ్లీషువారు 'దట్ ఫ్రెండ్ ఆఫ్ యువర్స్' అంటారు.

ఎల్విన్‌దే మరొకటి, 1943 నాటి 'మారియా మర్డర్ అండ్ సూయిసైడ్'. ఇందులో ఉపపదమే లేదు. 'ఎ మర్డర్' ఒక హత్య. 'ది మర్డర్' మనకు తెలిసిన ఫలానా హత్య. ఏదీ లేని 'మర్డర్' హత్య అనే విషయం.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. నేరవార్తలో 'ఎ మారియా' అంటే ఒక మనిషి సంగతి. ఏకవచనానికే 'ది' తగిలించి 'ది మారియా' ఇలాంటివాడు, అలాంటివాడు అని వర్ణిస్తే జాతి మొత్తానికి చెందుతుంది. 'ది టైగర్' అని పులిజాతిని వర్ణించినట్టే అన్నమాట. ఒకడు చేసిన నేరం ఒక్క అక్షరంతో అందరి నెత్తినా పడుతుంది. పత్రికలకు వ్రాసేవారు ఈ భేదం మరువరాదని నా అభిప్రాయం.

ఇక అభ్యాసానికి ఒక వాక్యం: "గోండు జగదల్‌పూర్ సంతలో ఉప్పు కొన్నాడు." గోండు ఎవరో పాఠకుడికి తెలియకపోతే 'ఎ', ముందే పరిచయమైనవాడైతే 'ది'. ఊరిపేరుకు ఏదీ వద్దు. ఉప్పును లెక్కపెట్టలేము కనుక దానికి 'ఎ' రాదు. కొన్న ఆ ఉప్పును గురించే మరుసటి వాక్యం వ్రాస్తే, అప్పుడు 'ది సాల్ట్'.