పాత గిటార్ ర్యాక్ గేర్‌కి రేపు రేటు వస్తుందా? చిక్కడపల్లి అటక మీద నుంచి నా లెక్క

"రేయ్, ఈ డబ్బాకి లక్ష వస్తుందంట, నిజమేనా?"

గత నెలలో మా బాబాయ్ పంపిన వాట్సాప్ వాయిస్ నోట్ ఇది. దాని కింద ఒక ఫొటో, ఆ కింద ఒక యూట్యూబ్ లింక్. ఫొటోలో ఉన్నది యమహా ఎస్‌పీఎక్స్90, 1985లో వచ్చిన డిజిటల్ ఎఫెక్ట్స్ ప్రాసెసర్. వీడియోలో ఎవరో అమెరికా కుర్రాడు ఇదే డబ్బాని ముందు పెట్టుకుని "లెజెండరీ" అని పాతికసార్లు అన్నాడు. బాబాయ్‌కి ఆ ఒక్క మాట చాలు.

ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాసుకునే చోట ఈ ఇనప డబ్బా గోల ఎందుకంటే, ఇదే ప్రశ్న మన కామెంట్స్‌లో వేరే రూపంలో రోజూ వస్తుంది. పాత నోకియా దాచుకోవాలా, ఐపాడ్ అమ్మేయాలా, మొదటి వన్‌ప్లస్‌కి ఎప్పటికైనా విలువ వస్తుందా అని. గిటార్ ర్యాక్ విషయంలో నేను తిరిగి తెలుసుకున్నది వాటికీ పనికొస్తుంది.

బాబాయ్ పగలు బ్యాంకు ఉద్యోగి, సాయంత్రం ఆర్కెస్ట్రా గిటారిస్టు. త్యాగరాయ గానసభలో సినిమా పాటల కార్యక్రమాలు, వినాయక చవితి పందిళ్లు, పెళ్లిళ్లు, ఏదీ వదిలేవాడు కాదు. ఇప్పుడు చిక్కడపల్లిలో వాళ్ల పాత ఇల్లు బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశారు. నెలాఖరులోపు అటక ఖాళీ చేయాలి. అటక మీద ఉన్నది ఒక చెక్క ర్యాక్: ఎస్‌పీఎక్స్90, దాని కింద అలెసిస్ మిడీవెర్బ్ 2, ఆ కింద బరువు తప్ప పేరు లేని లోకల్ పవర్ యాంప్. పాత సామాన్లవాడు ఇనుము రేటు కట్టి వెళ్లాడు. యూట్యూబ్ లక్ష అంది. మధ్యలో నన్ను పిలిచారు.

ర్యాక్ అంటే తెలియని వాళ్లకి ఒక్క నిమిషం. డబ్బా ముందు పలక వెడల్పు 19 అంగుళాలు, ఎత్తు 1.75 అంగుళాల లెక్కన 1యూ, 2యూ అని కొలుస్తారు. పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కాలం నుంచి ఉన్న కొలత ఇది. ఇవాళ డేటా సెంటర్లలో సర్వర్లు బిగించేది కూడా ఇదే 19 అంగుళాల ఫ్రేముకి. 1983లో మిడీ వచ్చాక కాలి దగ్గర ఒక్క స్విచ్ నొక్కితే ర్యాక్‌లో ఉన్న డబ్బాలన్నీ ఒకేసారి సెట్టింగ్ మార్చుకోవడం మొదలైంది. లాస్ ఏంజెలెస్‌లో బాబ్ బ్రాడ్‌షా లాంటి వాళ్లు సెషన్ గిటారిస్టులకి ఫ్రిజ్ సైజు ర్యాకులు కట్టి ఇచ్చేవారు. మన ఆర్కెస్ట్రాలోనూ అవసరం అదే, బడ్జెట్టే వేరు. ఇప్పుడే ఒక మెలోడీ అయిపోయింది, వెంటనే ఫాస్ట్ బీట్. యాంకర్ రెండు ముక్కలు మాట్లాడేలోపు గిటార్ సౌండ్ మారిపోవాలి.

తర్వాత గ్రంజ్ వచ్చి ర్యాకుల్ని చంపేసిందని అందరూ చెప్పే కథ. ఇందులో నాకు నచ్చిన తమాషా ఏంటంటే, ఆ గ్రంజ్‌కి ముఖమైన కర్ట్ కొబేన్ స్టేజీ మీద వాడింది మీసా బూగీ ర్యాక్ ప్రీయాంప్. సరే, ఏదైతేనేం, ఫ్యాషన్ పోయింది. 1998లో లైన్ 6 పాడ్ వచ్చింది, తర్వాత ఫ్రాక్టల్, కెంపర్, ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లో ప్లగిన్స్. ఇప్పుడు న్యూరల్ యాంప్ మోడలర్ అని ఓపెన్ సోర్స్‌లో ఫ్రీగా దొరుకుతోంది. ఇంక ర్యాక్ ఎవడు మోస్తాడు?

ఇప్పుడు రేటు సంగతి. గ్యాడ్జెట్ కలెక్టింగ్ అనగానే మనందరికీ గుర్తొచ్చేది 2023 జులైలో వేలంలో అమ్ముడైన మొదటి తరం 4జీబీ ఐఫోన్. 1,90,000 డాలర్లకు పైనే పోయింది. దాని విలువంతా సీల్ విప్పకపోవడంలో ఉంది. అదే ఫోన్ సీల్ తీసి రెండేళ్లు వాడి ఉంటే ఆ రేటులో నూరో వంతు కూడా రాదు. సంగీత పరికరాల లెక్క దీనికి పూర్తిగా రివర్స్. సీల్డ్ డబ్బాల కోసం ఎవరూ కొట్టుకోరు. ఫలానా రికార్డులో విన్న ఆ సౌండ్ కావాలని కొంటారు.

అందుకే కొన్ని ర్యాకులు ఇప్పటికే కలెక్టిబుల్స్ అయిపోయాయి, దాని మీద చర్చ అనవసరం. 1979 నాటి రోలాండ్ డైమెన్షన్ డి వేల డాలర్లలో ఉంది. యూ2 గిటారిస్టు ఎడ్జ్ వాడాడు కాబట్టి కోర్గ్ ఎస్‌డీడీ-3000 వెనక జనం పడతారు. ఎడ్డీ వాన్ హేలెన్ వాడిన రోలాండ్ ఎస్‌డీఈ-3000 కథ ఇంకా గట్టిది. 2023లో బాస్ కంపెనీ దాన్ని పెడల్‌గా మళ్లీ తెచ్చింది, అందులో ఒక మోడల్ ఏకంగా ఆయన పేరు మీదే. కోర్గ్ కూడా 2014లో తన డిలేని పెడల్‌గా చేసింది. కంపెనీలే తిరిగి చేస్తున్నాయంటే ఆ సౌండ్‌కి గిరాకీ ఉందనే. కానీ ప్రతి రీఇష్యూ పాత డబ్బా రేటుకి కొంచెం బ్రేక్ కూడా వేస్తుంది. ఆ సౌండ్ కాలి కింద పట్టే సైజులో, వారంటీతో వస్తుంటే పాతదానికి వేలు పోసేది పిచ్చి ముదిరినవాళ్లే.

మరి మా బాబాయ్ ఎస్‌పీఎక్స్90? ఇది మధ్యతరగతి డబ్బా. స్టూడియోల్లో, స్టేజీల్లో ప్రపంచమంతా విపరీతంగా వాడారు, అంటే విపరీతంగా అమ్ముడైంది. అరుదు కాదు. అయితే యూట్యూబ్ కుర్రాడి మాటలో కొంత నిజం ఉంది. మై బ్లడీ వాలెంటైన్ బ్యాండ్‌కి చెందిన కెవిన్ షీల్డ్స్ 1991 నాటి లవ్‌లెస్ ఆల్బమ్‌లో వాడిన రివర్స్ రివర్బ్ వెనక ఉన్నది ఇదే యంత్రం. షూగేజ్ సంగీతం మీద మోజు పెరిగినకొద్దీ ఈ డబ్బా కోసం వెతికేవాళ్లూ పెరిగారు. అయినా విదేశీ సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో ఇప్పటికీ వందల డాలర్లలోనే తిరుగుతోంది, వేలల్లో కాదు. పైగా మన యూనిట్ 230 వోల్టులది. అమెరికా వాడికి నేరుగా పనికిరాదు. షిప్పింగ్, కస్టమ్స్ కలిపితే కొనేవాడు పక్క ఊళ్లోనే ఇంకోటి చూసుకుంటాడు.

"పాతబడేకొద్దీ తుక్కులోకి పోతాయి, మిగిలినవాటికి రేటు పెరుగుతుంది కదా" అని బాబాయ్ వాదన. బ్యాంకు మనిషి కదా, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లా ఆలోచిస్తాడు. వాదన తప్పు కాదు, సగమే. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ రోలాండ్ టీఆర్-808. 1980 నుంచి 1983 వరకు సుమారు 12 వేలు మాత్రమే తయారయ్యాయి. అప్పట్లో పెద్దగా ఆడలేదు. ఇప్పుడు దాని రేటు వింటే కళ్లు తిరుగుతాయి. కానీ మధ్యలో జరిగింది చూడాలి. ఫెయిలైంది కాబట్టి సెకండ్‌హ్యాండ్ షాపుల్లో చవగ్గా పడి ఉంది. డబ్బుల్లేని హిప్‌హాప్, టెక్నో కుర్రాళ్లు కొన్నారు. వాళ్లు చేసిన పాటలు హిట్టయ్యాయి. ఆ పాటలు విని పెరిగినవాళ్లు సంపాదన మొదలయ్యాక రేటు పెంచారు. డబ్బా అటక మీదే ఉండిపోయి ఉంటే ఈ గొలుసు మొదలయ్యేదే కాదు.

ర్యాక్ గేర్‌కి ఆ మధ్య మెట్టు పడుతుందా అన్నదే నా అనుమానం. అశోక్ నగర్ వీధుల్లో ఒకసారి తిరిగి చూడండి. గ్రూప్స్ కోచింగ్‌కి వచ్చినవాళ్ల హాస్టళ్లు, ఒక్కో రూములో మూడు నాలుగు మంచాలు. అక్కడ గిటార్ వాయించే కుర్రాళ్లు ఉన్నారు, నాకు ఇద్దరు తెలుసు. ఇద్దరిదీ ఒకటే సెటప్: చవక యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్స్, ఫోన్‌లో యాప్. పక్కవాడు పాలిటీ చదువుకుంటుంటే యాంప్ పెట్టే ఛాన్సే లేదు. 19 అంగుళాల చెక్క పెట్టె పెట్టడానికి మంచం కింద కూడా చోటుండదు, అక్కడ ట్రంకు పెట్టె ఉంటుంది.

సౌండ్‌లోనైనా తేడా ఉందా అని ఒక ఆదివారం నారాయణగూడలో ఫ్రెండ్ వాళ్ల మేడ మీద గదిలో పెట్టి చూశాం. ఒకవైపు ఎస్‌పీఎక్స్90, ఇంకోవైపు ల్యాప్‌టాప్‌లో ప్లగిన్. హెడ్‌ఫోన్స్‌లో, కళ్లు మూసుకుని. నలుగురిలో ముగ్గురం తప్పు చెప్పాం, అందులో నేనూ ఉన్నాను. గిటార్ యాంప్‌లోంచి విన్నప్పుడు బాబాయ్ మాత్రం రెండుసార్లూ కరెక్ట్‌గా పట్టుకున్నాడు. ఎలా అంటే "ఇది కొంచెం మబ్బుగా ఉంటుందిరా" అన్నాడు. నిజమే. ఈ యంత్రం శాంప్లింగ్ రేటు 31.25 కిలోహెర్ట్జ్, 12 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దం ఇందులోంచి రాదు. సీడీ నాణ్యత కన్నా తక్కువ. గిటార్ స్పీకర్ ఎలాగూ 5, 6 కిలోహెర్ట్జ్ దాటాక చేతులెత్తేస్తుంది కాబట్టి ఆ పరిమితి అక్కడ పెద్ద లోటు అనిపించదు. ఆ మబ్బుతనం అంటే నాకూ ఇష్టమే. దానికి లక్ష ఇస్తానా? ఇవ్వను.

రేటు కన్నా నన్ను భయపెట్టేది రిపేరు. యాంటిక్ అవ్వాలంటే ముందు బతికి ఉండాలి కదా. ట్యూబుల మీద నడిచే ఏడీఏ ఎంపీ-1, మార్షల్ జేఎంపీ-1 లాంటి ప్రీయాంపులకి ఆడియో వైపు పెద్ద బెంగ లేదు. వాటిలో వాడే 12ఏఎక్స్7 ట్యూబులు ఇవాళ్టికీ కొత్తవి తయారవుతున్నాయి. కెపాసిటర్లు ఎక్కడైనా దొరుకుతాయి. డిజిటల్ డబ్బాల్లో మాత్రం కంపెనీ సొంతంగా చేయించుకున్న చిప్పులుంటాయి. ఎస్‌పీఎక్స్‌లో యమహా చిప్ పోయిందంటే ఇంకో ఎస్‌పీఎక్స్‌ని చంపి తీసుకోవాల్సిందే. 2000 తర్వాత వచ్చిన ర్యాక్ మోడలర్ల మీద నాకు అస్సలు ఆశ లేదు. అవి ర్యాక్ వేషం వేసుకున్న కంప్యూటర్లు. కొత్త వెర్షన్ వచ్చిన రోజే పాత ఫోన్ గతి పడుతుంది. మంచి సౌండ్ ఇస్తాయి, వాడుకోండి, దాచుకుంటే ఏదో వస్తుందని మాత్రం అనుకోకండి.

చిక్కడపల్లిలో మెట్రో ఎక్కితే రెండో స్టేషన్ సుల్తాన్ బజార్. అక్కడ దిగి కోఠి గుజరాతీ గల్లీ వైపు నడిస్తే ఇలాంటివి విప్పి చూసే చేతులు ఇంకా ఉన్నాయి. ఒళ్లో ఎస్‌పీఎక్స్ పెట్టుకుని నేను, సంచిలో మిడీవెర్బ్‌తో బాబాయ్. మెట్రోలో పక్కనున్న కుర్రాడు "అన్నా, వీసీఆరా?" అని అడిగాడు.

మెకానిక్ మూత తీసి మొదట చూపించింది బ్యాటరీని. బోర్డుకి టంకం వేసిన చిన్న కాయిన్ సెల్. ఎప్పుడో చచ్చిపోయింది. ఈ యంత్రం పేరులో 90 ఎందుకుందంటే అందులో 90 మెమరీలుంటాయి. మొదటి 30 కంపెనీవి, అవి చెరగవు. 31 నుంచి 90 దాకా మనం చేసుకున్నవి, అవి ఆ సెల్ మీద బతుకుతాయి. బాబాయ్ పదిహేనేళ్లు కూర్చుని చేసుకున్న అరవై సౌండ్లూ పోయాయి. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. మెకానిక్ ఈసారి ఊడదీసి మార్చుకునేలా సెల్ హోల్డర్ వేశాడు. సెల్, హోల్డర్ కలిపి వంద లోపే, పని కూలీ నాలుగు వందలు. మిడీవెర్బ్ ఆన్ అవ్వకపోవడానికి కారణం ఇంకా చిన్నది. దానికి కావాల్సింది 9 వోల్టుల ఏసీ అడాప్టర్, ఇంట్లో ఎవరో మామూలు డీసీ అడాప్టర్ పెట్టి చూసి "పోయింది" అని తేల్చేశారు.

మీరెవరైనా పాత ర్యాక్ కొనబోతుంటే ఈ రెండూ గుర్తుంచుకోండి. మెమరీ బ్యాటరీ ఎప్పుడు మార్చారో అడగండి, వెనక రాసి ఉన్న వోల్టేజీ చదవండి. జపాన్ నుంచి వచ్చిన యూనిట్ 100 వోల్టులది, మన ప్లగ్‌లో నేరుగా పెడితే కథ అక్కడితో సరి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు కూడా కలుపుకుని బేరమాడండి. బటన్లన్నీ ఒక్కొక్కటే నొక్కి చూడండి. అమ్మేవాడు "వింటేజ్" అంటే నవ్వి ఊరుకోండి, "వర్కింగ్" అంటే అక్కడే ప్లగ్ పెట్టమనండి.

బాబాయ్‌కి నేను చెప్పింది ఇది. లక్ష రాదు. ఇప్పుడు రాదు, పదేళ్ల తర్వాత వస్తుందని నాకు నమ్మకం లేదు. ఇక్కడ కొనేవాడు దొరికితే ఒక మాదిరి ఫోన్ ఖరీదు వస్తే అదృష్టం. పాత సామాన్లవాడికి మాత్రం ఇవ్వొద్దు. మిడీవెర్బ్‌లో ఎడిటింగ్ ఏమీ లేదు, రెడీమేడ్ ప్రీసెట్స్ తిప్పుకోవడమే, కొత్తవాడికి సరిపోతుంది. దాన్ని అశోక్ నగర్ హాస్టల్ కుర్రాడికి ఇచ్చేద్దాం అన్నాను. 1యూ డబ్బానే, దానికొక్కదానికీ ఎలాగోలా చోటు చేసుకుంటాడు. బాబాయ్ మూడు వేలు అడిగాడు, వాడు రెండు వేలిచ్చి, మిగతాది ఎగ్జామ్ అయ్యాక అన్నాడు. వారం తిరక్కుండానే ఒక నిమిషం క్లిప్ పంపాడు. డప్పు లూప్‌ని మిడీవెర్బ్‌లోంచి పంపి, దాని మీద గిటార్ వాయించాడు. బాబాయ్ దాన్ని ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ వినిపిస్తున్నాడు.

ఎస్‌పీఎక్స్ అమ్మలేదు. అటక సర్దుతుంటే పిన్నికి ఒక పాత బ్యాంకు డైరీ దొరికింది. అందులో 31 నుంచి 90 దాకా ప్రతి సెట్టింగూ పెన్నుతో రాసుంది: డిలే ఎంత, ఫీడ్‌బ్యాక్ ఎంత, ఏ పాటకి. ప్రస్తుతం అద్దింట్లో రోజుకి రెండు మూడు చొప్పున మళ్లీ ఎక్కిస్తున్నాడు. నిన్న ఫోన్ చేస్తే 47లో ఉన్నానన్నాడు.