కాలేయానికి మందిస్తే చాలదు, మూత్రపిండాలనూ చూడాలి

హెపటైటిస్‌-బి రోగులకు ప్రభుత్వం ఉచితంగా మందులు ఇవ్వడం హర్షించదగ్గ విషయం. కేంద్ర ప్రభుత్వం 2018 జూలై 28న ప్రారంభించిన జాతీయ వైరల్‌ హెపటైటిస్‌ నియంత్రణ కార్యక్రమం వల్ల ఈ వైద్యం కూలినాలి చేసుకునే వారికి కూడా అందుబాటులోకి వచ్చింది. అయితే బిళ్లల డబ్బా చేతిలో పెట్టినంత మాత్రాన బాధ్యత తీరిపోదు. ఆ బిళ్లలు మింగుతున్న మనిషి మూత్రపిండాలు ఎలా ఉన్నాయో మధ్యమధ్య పరీక్షించడం కూడా వైద్యంలో భాగమే. శ్రీకాకుళం జిల్లాలో ఈ మాట మరింత గట్టిగా చెప్పవలసి ఉంది.

హెపటైటిస్‌-సి సోకిన వారిలో అత్యధికులకు మూడు నెలల మందులతో నయమవుతోంది. బి రకం అలా కాదు. వైరస్‌ను అణచి ఉంచే మందే గాని, సమూలంగా తుడిచిపెట్టే మందు ఇంకా రాలేదు. అందుచేత చాలామంది టెనోఫోవిర్‌ 300 మిల్లీగ్రాముల బిళ్లను రోజుకొకటి చొప్పున ఏళ్ల తరబడి వాడవలసి వస్తుంది. కాలేయం గట్టిపడిపోకుండా, క్యాన్సర్‌ ముప్పు తగ్గేలా చేసే మంచి మందు ఇది. హెచ్‌.ఐ.వి. రోగుల మందులలో కూడా ఇదే ఉంటుంది.

చిక్కు ఎక్కడ?

ఈ మందు శరీరంలో నుంచి మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి. పోయే దారిలో కొందరికి అక్కడి సన్నని గొట్టాల కణాలలో పేరుకుని వాటిని దెబ్బతీస్తుంది. అప్పుడు ఒంట్లో నిలవవలసిన భాస్వరం, మాంసకృత్తులు మూత్రంలో పోతాయి. ఎముకలు బలహీనపడి నొప్పులు పుడతాయి. అందరికీ ఇలా జరగదు. ఎక్కువమంది ఏ ఇబ్బందీ లేకుండానే వాడుకుంటున్నారు. కాని వయసు పైబడినవారు, చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్నవారు, ముందే మూత్రపిండాలు కొంత దెబ్బతిన్నవారు జాగ్రత్తగా ఉండాలి. మొదట్లో నొప్పి గాని, వాపు గాని కనిపించకపోవచ్చు. రక్తంలో క్రియాటినిన్‌, మూత్రంలో మాంసకృత్తులు పరీక్షిస్తేనే సంగతి బయటపడుతుంది.

ఇది కొత్తగా తెలిసిన విషయమేమీ కాదు. అంతకుముందు వాడుకలోకి వచ్చిన అడిఫోవిర్‌ అనే మందు మోతాదు పెరిగితే మూత్రపిండాలకు చేటని తేలినందువల్లే దానిని రోజుకు 10 మిల్లీగ్రాములకు పరిమితం చేశారు.

ఉద్దానం మాటేమిటి?

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో జిల్లా ప్రజలకు వేరే చెప్పనక్కరలేదు. దానికి అసలు కారణం ఇదని ఇంతవరకు ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. ఆ వ్యాధికీ ఈ మందుకూ ముడిపెట్టడం తప్పు. కాని అటువంటి ప్రాంతంలో ఏ మూత్రపిండం ఏ స్థితిలో ఉందో చూడకుండా ఈ మందు మొదలుపెట్టడం అంతకన్న తప్పు.

దీనికి తోడు ఒళ్లునొప్పుల బిళ్లలు. కొబ్బరి, జీడి తోటల్లో పగలంతా ఎండలో పనిచేసి, రాత్రి నిద్ర పట్టడానికి డైక్లోఫెనాక్‌ వంటి బిళ్ల వేసుకోవడం అలవాటైపోయింది. మందుల షాపులో చీటీ అడిగేవారు లేరు. టెనోఫోవిర్‌ వాడే మనిషి ఇవి కూడా తరచు వేసుకుంటే మూత్రపిండాలపై రెండు వైపుల నుంచీ భారం పడినట్లే. ఆర్‌.ఎం.పి.లకు కూడా ఈ విషయం తెలియజెప్పాలి. రోగులు సైతం తాము ఏ మందు వాడుతున్నదీ దాచకుండా చెప్పాలి.

ఇదంతా విని భయపడి మందు మానేయడం ప్రాణాపాయం. ఉన్నట్టుండి మానితే అణగి ఉన్న వైరస్‌ తిరగబడి కాలేయాన్ని ఒక్కసారిగా దెబ్బతీయవచ్చు. పసరు మందు దానికి ప్రత్యామ్నాయం కాదు. మూత్రపిండాలలో తేడా కనిపిస్తే మోతాదుకూ మోతాదుకూ మధ్య ఎడం పెంచడమో, ఎంటెకావిర్‌కు మార్చడమో, మూత్రపిండాలపై భారం తక్కువగా ఉండే టెనోఫోవిర్‌ అలాఫెనమైడ్‌ ఇవ్వడమో వైద్యులే నిర్ణయిస్తారు. దారులు ఉన్నాయి. సకాలంలో తెలుసుకోవడమే కావలసింది.

చేయవలసినవి

మందు మొదలుపెట్టే ముందు ప్రతి రోగికీ క్రియాటినిన్‌, మూత్ర పరీక్ష తప్పనిసరి చేయాలి. మొదటి సంవత్సరం మూడు నెలలకొకసారి, ఆ తరువాత ఆరు నెలలకొకసారి తిరిగి చేయాలి. ఆ ఫలితాలు తెలుగులో రాసిన కార్డు రోగి చేతికి ఇవ్వాలి. రక్త నమూనాను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే తీసి పంపే ఏర్పాటు చేస్తే, పరీక్ష కోసం ఒక రోజు కూలి పోగొట్టుకుని పట్నం వెళ్లే బాధ తప్పుతుంది. పరీక్షకు రాని వారిని ఆశా కార్యకర్తలు గుర్తుచేయాలి.

ఇవి కోట్లు ఖర్చయ్యే పనులు కావు. ఉచితంగా మందు ఇస్తున్న ప్రభుత్వానికి ఈ చిన్న పరీక్ష భారం కాదు. ఒక అవయవాన్ని కాపాడబోయి మరొకటి పోగొట్టుకునే దుస్థితి ఉద్దానం రైతుకు, కూలీకి రాకుండా జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులు వెంటనే శ్రద్ధ వహించవలసిన అవసరం ఎంతైనా ఉంది.